ఆరువందల అరవై చీటీలు

రెండో తరగతి వాచకంలో కుందేలు కథ కింద ఒక ప్రశ్న ఉంది: కుందేలు ఎందుకు పరుగెత్తింది? ఈ ప్రశ్నకు పదకొండు మంది పిల్లలు "బెంచీలు ఇరవై రెండు, విరిగినవి నాలుగు" అని జవాబు రాశారు. వాళ్ళ టీచరు, అంటే మా వదిన, ఆ పదకొండు నోటుపుస్తకాల్లోనూ ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, "చాలా బాగుంది" అని రాసి, కింద సంతకం చేసి తారీఖు కూడా వేసింది.

ఇందులో ఎవరినీ పెద్దగా తప్పుపట్టడానికి లేదు. ఏడాది చివర సామాను లెక్క చూస్తున్న అటెండరుకు చేతిలో కాగితం లేకపోయింది. బోర్డు మీద వదిన పొద్దున రాసిన జవాబును తుడిచి, ఆ చోట తన లెక్క రాసుకున్నాడు. పొద్దున ఎక్కించుకున్నవాళ్ళకు కుందేలు దక్కింది. నిదానంగా, అందంగా రాసుకునే అలవాటున్నవాళ్ళు మధ్యాహ్నం దాకా ఆగారు గనక వాళ్ళకు బెంచీలు దక్కాయి. ముప్ఫై మూడు పుస్తకాలు ఒక్క ఊపున దిద్దే మనిషి కన్ను రాత మీద పడుతుంది గానీ కుందేలు మీద పడదు. రాత మాత్రం నిజంగానే చాలా బాగుంది.

ఎంత బాగుందంటే, ప్రతి క్లాసు నుంచీ చక్కగా రాసిన పుస్తకాలు పంపమని హెడ్మాస్టరమ్మ అడిగినప్పుడు వదిన ఏరి ఏరి ఆ పదకొండే పంపింది.

బడిలో హెడ్మాస్టరమ్మను అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ వదినను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, నెమ్మదిగా అడిగారు.

"టీచర్, కుందేలు ఎందుకు పరుగెత్తింది?"

"వానొస్తుందని మేడమ్."

"కాదట. బెంచీలు ఇరవై రెండట."

వదిన పుస్తకం చూసింది. పేజీ తిప్పింది. రెండోది చూసింది. మూడోదాంట్లో తన సంతకం కింద తనే గీసిన నవ్వు ముఖం ఒకటి కనిపించింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో తనను చూసి అంత వెక్కిరింపుగా ఎవరూ నవ్వలేదని తర్వాత నాతో అంది.

ఆ మధ్యాహ్నం పదకొండు మందినీ ఒక్కొక్కరినే వరండాలోకి పిలిచి పుస్తకం చదివించింది. ఎవరికీ చదవడం రాదు. అక్షరాన్ని చూస్తే బొమ్మలాగా దించేస్తారు, నోటితో మాత్రం పలకలేరు. అందరిలోకీ చక్కగా రాసే పిల్ల ఒకతి ఉంది. రాత ముత్యాల కోవలా ఉంటుందని క్లాసంతా ఆ పిల్లను ముత్యాలు అనే పిలుస్తారు. ఆ ముత్యాలు కుందేలు కథను గడగడా అప్పజెప్పింది గానీ, తిప్పాల్సిన పేజీని మూడు వాక్యాలు ఆలస్యంగా తిప్పింది.

ఆ బడిలో రెండో క్లాసు చెప్పిన టీచరే పిల్లలతో పాటు మూడో క్లాసుకు వెళ్తుంది. కాబట్టి ఇది ఇంకొకరి నెత్తిన పడేసే భాగ్యం కూడా వదినకు లేదు.

"ఈ పదకొండు మందినీ రెండులోనే ఉంచేద్దాం టీచర్," అన్నారు పెద్ద మేడమ్. ఆవిడ చెడ్డ మనిషి కాదు, లెక్క మనిషి. "మూడో క్లాసు పాఠాలు పెద్దవి. అందరికీ ఒకే పాఠం చెప్తే వీళ్ళు మునిగిపోతారు. వీళ్ళ కోసం ఆగితే మిగతా ఇరవై ఇద్దరూ ఆగిపోతారు."

"వద్దు మేడమ్. ముత్యాలు చెల్లెలు వచ్చే ఏడు రెండో క్లాసుకొస్తోంది. చెల్లెలి పక్కన కూర్చోబెడితే ఆ పిల్ల ఇంక జన్మలో పుస్తకం ముట్టదు. చదవడం రాదని కనిపెట్టలేకపోయింది నేను. శిక్ష వాళ్ళకెందుకు?"

"మరేం చేస్తారు?"

"ఒకే పాఠాన్ని మూడు రకాలుగా చెప్తాను. ఎవరికి అందేది వాళ్ళకి."

"ఒక్క నోటితోనా?"

"సెలవుల్లో అన్నీ తయారు చేసుకుంటాను మేడమ్."

పెద్ద మేడమ్ కాసేపు క్యాలెండరు చూశారు. "బడి తెరిచాక నాలుగో శుక్రవారం నేనొచ్చి మీ క్లాసులో వెనక కూర్చుంటా. ఆ పదకొండు మందిలో ఒక్కరు చేతులు ముడుచుకుని కూర్చున్నా, పక్కవాళ్ళది చూసి దించినా, సోమవారం నుంచి పదకొండు మందీ రెండో క్లాసే. ఇష్టమేనా?"

వదిన ఇష్టమేనని వచ్చేసింది.

మేము వాళ్ళ పై వాటాలో ఉంటాం. కాబట్టి ఆ వేసవిలో ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలిసినంతగా మా అన్నయ్యకు కూడా తెలియదు. సెలవులు మొదలైన మర్నాడే భోజనాల బల్ల వదిన ఆధీనంలోకి వెళ్ళిపోయింది. చెప్పుల డబ్బాల అట్టలు, కత్తెరలు, జిగురు సీసాలు, స్కెచ్ పెన్నులు. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాను బంద్. అన్నయ్య వంటింట్లో గట్టు పక్కన నిలబడి కంచం చేత్తో పట్టుకుని తినేవాడు.

"బయట ఎండ, లోపల ఉడుకు," అన్నాడు నాతో. "నలభై ఏడేళ్ళొచ్చాయి, నా ఇంట్లో నాకు కూర్చుని తినే యోగం లేదు."

"నిలబడి తింటే పొట్ట తగ్గుతుందిట అన్నయ్యా."

"నువ్వు మీ వదిన పార్టీ అని నాకెప్పుడో తెలుసు."

మొదటి వారంలోనే ఇంకో సంగతి జరిగింది. వదిన చిన్న అట్టముక్కల మీద పిల్లలకు సూచనలు రాసి, వెనక జిగురు పూసి, ఆరడానికి కుర్చీ వీపు మీద పెట్టింది. అన్నయ్య ఆ కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుని ఆఫీసుకెళ్ళాడు. సాయంత్రం ఎంతో సంతోషంగా తిరిగొచ్చాడు.

"ఇవాళ ఆఫీసులో అందరూ ఎంత మర్యాదగా ఉన్నారో! మెట్ల దగ్గర ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. క్యాంటీన్లో నా గ్లాసు ఇంకొకాయన తెచ్చిచ్చాడు. మేనేజరైతే, నిదానంగా చెయ్యండి, తొందరేం లేదన్నాడు."

వదిన ఆయన్ని వెనక్కి తిప్పి, చొక్కా మీది అట్టముక్కను మెల్లగా ఊడదీసింది. దాని మీద ఇలా ఉంది: "పెద్దవాళ్ళ సాయం తీసుకో."

అన్నయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, అలాంటిది ఇంకోటి ఉంటే ఇవ్వమన్నాడు.

మూడు వారాలు కష్టపడి వదిన మూడు డబ్బాలు తయారు చేసింది. ఎర్ర డబ్బాలో బొమ్మలూ, కింద ఒక్కో మాటా. పసుపు డబ్బాలో చిన్న చిన్న వాక్యాలు. ఆకుపచ్చ డబ్బాలో పూర్తి పాఠం, ప్రశ్నలు. ప్రతి పాఠానికీ మూడూ ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి. పరీక్షించి చూద్దామని మా అమ్మాయినీ, మా భవనంలోనే ఉండే ఇంకో ఇద్దరు పిల్లల్నీ పిలిచింది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అడిగినదానికి జవాబు చెప్పే ముందు అడిగినవాళ్ళనే నాలుగు ప్రశ్నలు వేస్తుంది గనక ఇంట్లో దాని పేరు లాయరమ్మ.

లాయరమ్మ డబ్బాలు మూడూ చూసింది. ఐదు నిమిషాలైనా కాలేదు.

"అత్తా, ఎర్రది రానివాళ్ళదా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"ఒకళ్ళు చెప్పాలా? నాకు పచ్చదిచ్చావు. కింద వాటా వాడికి ఎర్రదిచ్చావు. వాడికేం రాదని ఈ మెట్లక్కూడా తెలుసు."

కింద వాటా వాడు ఎర్ర డబ్బాను కాలితో మెల్లగా కుర్చీ కిందకు తోసి, తనకు ఆటకు టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

వదిన ఆ రాత్రికే రంగు కాగితాలన్నీ చింపేసి, పొద్దున్నే కొత్త ఆలోచనతో లేచింది. రంగులుంటేనే కదా తెలిసేది? ఇక మీదట జట్లకు జంతువుల పేర్లు. సింహం, జింక, తాబేలు.

"తాబేలెవరో మళ్ళీ చెప్పాలా అత్తా?" అంది లాయరమ్మ.

ఆ పేర్లు పెట్టినావిడకు ఇరవై ఏళ్ళ సర్వీసు ఉందని మరోసారి మనవి చేస్తున్నాను.

సెలవులు సగం అయిపోయాయి. చేతిలో ఉన్నవి మూడు డబ్బాల అట్టలు. వదిన మొహం చూస్తే జాలేసేది. నాలుగో శుక్రవారం ఎదురుగా కూర్చుని తననే చూస్తోందనేది. "చెల్లెలి పక్కన కూర్చున్నా అంతే, తాబేలు డబ్బా ముందు కూర్చున్నా అంతే అమ్మాయ్," అంది నాతో. "పిల్ల తల దించుకోవడంలో తేడా ఏముంది?"

ఈ లోపల జిగురు మరకలతో బల్ల రూపు మారిపోయింది. దాని మీదకు రెక్సిన్ గుడ్డ ఒకటి తేవాలని అన్నయ్య గొడవ పెట్టాడు. కొలత తియ్యాలి. అన్నయ్య కళ్ళజోడు కాగితాల కుప్ప కింద ఎక్కడో పూడిపోయింది గనక టేపు మీద అంకెలు ఆయనకు కనిపించవు. అందుకని ఆయన టేపు ఒక కొస పట్టుకున్నాడు, లాయరమ్మ రెండో కొసన అంకె చదివింది, వదిన కాగితం మీద రాసింది.

"గట్టిగా పట్టుకో మామయ్యా, జారిపోతోంది."

"ఈ ఇంట్లో చివరికి నన్ను మేకును చేశారన్నమాట," అన్నాడు అన్నయ్య.

"మేకు లేకపోతే టేపు నిలవదు మామయ్యా," అంది లాయరమ్మ.

వదిన పెన్ను ఆగిపోయింది. అన్నయ్య కేసి అదోలా చూసింది. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చూసి ఉండదు.

"కదలకండి!"

"ఎందుకు?"

"చెప్తాను కదా, కదలకండి."

అన్నయ్య టేపు పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. వదిన బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది. తనలో తనే మాట్లాడుకుంది. "అంకెలు కనపడని మనిషి. కానీ ఈయన వదిలేస్తే నువ్వేం చదువుతావు, నేనేం రాస్తాను? ముగ్గురికీ మూడు పనులు. పని మాత్రం ఒకటే." ఆగింది. "కానీ మేకులా నిలబెడితే చాలదు. ఏం కొలవాలో మేకుకే తెలియాలి. మేకు చెప్తే గానీ మిగతా ఇద్దరికీ తెలియకూడదు."

"ఇక వదిలెయ్యనా?" అన్నాడు అన్నయ్య.

ఆ సాయంత్రమే మూడు డబ్బాలూ అటక ఎక్కాయి. కొత్త పద్ధతి ఇది. ముప్ఫై ముగ్గురు పిల్లలు, పదకొండు జట్లు. జట్టుకు ముగ్గురు. ఆ పదకొండు మందీ తలో జట్టులో ఉంటారు, వాళ్ళ చేతికి ఒక చీటీ వస్తుంది. ఆ రోజు పనేమిటో ఆ చీటీలోనే ఉంటుంది. మొదట బొమ్మా, కింద ఒక మాటా. రెండో వారంలో బొమ్మ చిన్నదవుతుంది. మూడో వారంలో పోతుంది. నాలుగో వారానికి మాట కాస్తా వాక్యమవుతుంది. చీటీని ఇంకెవరికీ చూపించకూడదు, చదివి చెప్పాలి. అప్పుడు రెండోవాళ్ళు కొలిచి రాస్తారు. మూడోవాళ్ళు లెక్క కట్టి, బొమ్మ గీసి, నాలుగు వాక్యాలు రాస్తారు. వాళ్ళకూ చీటీలున్నాయి, కానీ మొదటి చీటీ నోరు తెరిచేదాకా ఆ రెండూ పనికిరావు. బోర్డు మీద ఒక్క అక్షరం ఉండదు. చూసి దించడానికి ఏమీ లేదు.

ఇరవై రోజుల పాఠాలు, పదకొండు జట్లు, మూడేసి చీటీలు. లెక్క కడితే ఆరువందల అరవై.

మూడు వారాల్లో ఆరువందల అరవై చీటీలు రాయడమంటే మాటలు కాదు. నేను కత్తిరించాను, లాయరమ్మ బొమ్మలు వేసింది. అది వేసిన కుర్చీకి ఐదు కాళ్ళొచ్చాయి. ఒకటి విరిగితే ఉంటుందని వాదించింది. చీటీలన్నీ రోజువారీగా పేర్చడం పూర్తయిన రోజున అన్నయ్య ఎండన పడి ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, పాతికేళ్ళ అలవాటు కొద్దీ గోడ మీద ఫ్యాను స్విచ్చి నొక్కాడు.

ఆరువందల అరవై చీటీలూ గదంతా ఎగిరాయి. అన్నయ్య తనంతట తనే మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పట్టింది. ఏరుతూ ఏరుతూ ఒక్కో చీటీ చదివేవాడు. "ఇది బావుందే, ఇది నేనూ చెయ్యగలను," అనేవాడు. క్షమాపణ చెప్పుకోవడంలో ఆయన పద్ధతి అది.

బడి తెరిచారు. మొదటి రోజు వదిన చీటీలు పంచింది. పదకొండు మందిలో ఎనిమిది మంది బొమ్మ చూసి తలుపనీ, బల్లనీ గుర్తుపట్టారు. ముత్యాలు తన చీటీ తీసుకుని, నోటుపుస్తకం తెరిచి, చీటీలో ఉన్న మాటను అచ్చుగుద్దినట్టు దించి, బొమ్మ కూడా వేసి, టీచరుకు చూపించడానికి లేచింది.

"బావుందమ్మా. ఇప్పుడు మీ జట్టుకు చదివి చెప్పు."

ముత్యాలు కూర్చుంది. పెదవి కదపలేదు. ఆ జట్టులో క్లాసులో ఎప్పుడూ మొదట వచ్చే కుర్రాడున్నాడు. వాడి పేరు ఫస్టు ర్యాంకు. వాడికి కాలు ఒక చోట నిలవదు.

"టీచర్, ముత్యాలు చెప్పట్లేదు! మా పని ఆగిపోయింది!"

"అయితే ఆగండి," అంది వదిన.

"నేను చూసి చదివేస్తా టీచర్, ఒక్క నిమిషం!"

"చీటీ తనది. నీది కాదు."

గంట కొట్టేదాకా ఫస్టు ర్యాంకు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి ఆఖరున మిగిలిపోయాడు. మర్నాడూ అంతే. మూడో రోజు ఆటల గంటలో వదిన కిటికీలోంచి చూస్తే, వాడు వరండా నేల మీద సుద్దతో అక్షరాలు రాసి ముత్యాలు చేత పలికిస్తున్నాడు. పరోపకారమనుకుంటే పొరపాటు. ఆ పిల్ల చదవకపోతే వాడికి లెక్కలు చేసే వరస రాదు. ఆకలైనవాడు పొయ్యి వెలిగించడం నేర్చుకున్నట్టు వాడు పంతులయ్యాడు. మా వదిన ఏడాదంతా చెయ్యలేనిది వాడు తొందర కొద్దీ చేశాడు.

రెండో వారం చివర, బొమ్మ లేని చీటీ ఒకటి ముత్యాలకు పొరపాటున వెళ్ళింది. వదిన చూసుకుని, మార్చబోయి, ఆగింది. ఆ పిల్ల చీటీని రెండు చేతుల్లో దాచుకుని, లోపలికి తొంగి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఫస్టు ర్యాంకు ఊపిరి బిగబట్టాడు.

"కి," అంది. "టి." మళ్ళీ చూసింది. తర్వాత చీటీ వదిలేసి గోడ వైపు చూసింది. "కిటికీ! టీచర్, కిటికీ! కిటికీ కొలవాలి!"

ముగ్గురూ కిటికీ మీద పడ్డారు. ఆ రోజు వదిన ఇంటికొచ్చి ఫ్యాను వేసి, బల్ల దగ్గర కూర్చుని, నాతో చెప్తూ చెప్తూ ఏడ్చింది. అన్నయ్య కంగారుపడి, తను మళ్ళీ ఏం చేశాడని అడిగాడు.

నాలుగో శుక్రవారం పొద్దున వదిన చీటీలు సర్దుకున్న చెప్పుల డబ్బా చంకన పెట్టుకుని బడికెళ్ళింది. పావుగంటకు అన్నయ్య కొత్త బూట్ల కోసం డబ్బా తెరిస్తే అందులో చీటీలున్నాయి. బడికి వెళ్ళినవి బూట్లు. నేను చీటీలు పట్టుకుని పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి వదిన ముప్ఫై ముగ్గురి ముందూ, వెనక కూర్చున్న పెద్ద మేడమ్ ముందూ డబ్బా తెరిచి, తళతళలాడే నల్ల బూట్ల జత కేసి చూస్తూ నిలబడి ఉంది.

"ఇవాళ బూట్లు కొలుస్తారా టీచర్?" అన్నారు పెద్ద మేడమ్.

డబ్బాలు మార్చుకున్నాం. నన్నెవరూ పొమ్మనలేదు గనక తలుపు దగ్గరే ఉండిపోయాను.

చీటీలు పంచగానే గది కదిలింది. ఒక జట్టు తలుపు దగ్గర, ఒకటి అలమర దగ్గర, ఒకటి నేల మీద దారం పరిచి. పెద్ద మేడమ్ కళ్ళు మాత్రం ఆ పదకొండు మంది మీదే ఉన్నాయి. వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నారు కూడా. వదిన బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ముత్యాలు చీటీ చదువుకుంది. పెదవులు కదిలాయి. లేచి తిన్నగా గది వెనక్కి నడిచి పెద్ద మేడమ్ ముందు ఆగింది.

"మేడమ్, లేవండి."

"నేనా?"

"కుర్చీ కొలవాలి మేడమ్. పెద్ద కుర్చీ. ఎత్తు ఎంత, వెడల్పు ఎంత? ఈ గదిలో పెద్ద కుర్చీ ఇదొక్కటే."

"ఏదీ, చీటీ ఇలా ఇవ్వు."

"చూపించకూడదు మేడమ్. రూలు. కావాలంటే మళ్ళీ చదువుతా."

పెద్ద మేడమ్ లేచి నిలబడ్డారు. ఫస్టు ర్యాంకు దారం పట్టుకుని కుర్చీ మీదకు దూకాడు. కానీ లెక్క మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోదు గదా. "ఇది ముందే నేర్పి పెట్టిందేమో," అన్నారు. వదిన నోరు తెరిచేలోగా పుస్తకంలోంచి ఒక ముక్క చింపి, తన పెన్నుతో ఏదో రాసి ముత్యాలు చేతిలో పెట్టారు. "ఇది చదువు. ఎవరూ చెప్పకండి."

పెద్ద మేడమ్ రాత సంగతి ఆ బడిలో అందరికీ తెలుసు. ఆవిడ సర్క్యులరు పంపితే టీచర్లు నలుగురు ఒకచోట చేరి అర్థం తేలుస్తారు. వదిన మొహం పాలిపోయింది.

ముత్యాలు చీటీ చూసింది. తిప్పి చూసింది. దూరంగా పెట్టుకుని చూసింది. ఫస్టు ర్యాంకు కుర్చీ మీద నుంచి కళ్ళతోనే బతిమాలాడు. ఒక నిమిషం గడిచింది. పెద్ద మేడమ్ పేర్ల కాగితం తీశారు.

"మేడమ్," అంది ముత్యాలు, ఎంతో మర్యాదగా. "మీ రాత బాగాలేదు."

భూమి చీలితే బాగుండునని వదిన అనుకున్న క్షణం అది.

"ఏమన్నావ్?"

"ఇక్కడిదాకా వచ్చింది, 'నా బల్ల మీద నల్ల' అని. తర్వాత మాట కలిసిపోయింది మేడమ్. అక్షరానికీ అక్షరానికీ మధ్య చోటు వదలాలి. ఇది మళ్ళీ రాస్తారా?"

పెద్ద మేడమ్ చీటీ తీసుకున్నారు. దగ్గరగా పెట్టుకున్నారు. చెయ్యి చాచి దూరంగా పెట్టుకున్నారు. కళ్ళు చిట్లించారు. ఆవిడ రాసింది ఆవిడకే అందలేదు. చివరికి కుర్చీ చేతి మీద కాగితం పెట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో, చోటు వదిలి వదిలి మళ్ళీ రాశారు. ముత్యాలు పక్కన నిలబడి చూస్తోంది, బాగా రాస్తున్నారా లేదా అని.

"నా బల్ల మీద నల్ల కళ్ళజోడు ఉంది," ముత్యాలు చదివింది, ఒక్కో మాటా వేలితో తాకుతూ. "వెళ్ళి తీసుకు రా." చదవడం ముగిసేసరికి పిల్ల గుమ్మం దాటింది. రెండు నిమిషాల్లో కళ్ళజోడుతో తిరిగొచ్చింది.

పెద్ద మేడమ్ కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆ తర్వాత మిగతా పదిమందికీ తలో చీటీ స్వయంగా రాశారు, ఈసారి చోటు వదిలి. బయట చెట్లెన్ని? గంట ఎక్కడ ఉంది? మీ టీచరు చీర ఏ రంగు? ఏడుగురు చదివి అప్పటికప్పుడు చెప్పారు. ముగ్గురు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చెమటలు పట్టి చదివారు. వాళ్ళలో ఒకడు గంట దగ్గరకు పరుగెత్తి వెళ్ళి, గంట ఎక్కడుందో చూపించడానికి దాన్ని కొట్టి మరీ చూపించాడు. బడి బడంతా ఇంటర్వెల్ అనుకుని బయటికొచ్చింది. పక్కవాళ్ళది చూసి దించినవాళ్ళు లేరు, చేతులు ముడుచుకున్నవాళ్ళు అసలు లేరు. ఆ గదిలో చేతులు కట్టుకుని నిలబడింది పెద్ద మేడమ్ ఒక్కరే, ఆవిడ కుర్చీని ఇంకా ఇద్దరు కొలుస్తున్నారు గనక.

ఆవిడ పేర్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపారు. చింపిన ముక్కలు గంట విని పరుగెత్తుకొచ్చిన అటెండరుకిచ్చి, వదిన కేసి తిరిగారు.

"మూడో క్లాసే. పదకొండు మందీ." ఒక్క అడుగు వేసి ఆగారు. "ఆ చీటీలు రెండో క్లాసుకి కూడా కావాలి టీచర్. వచ్చే సెలవుల్లో చూడండి."

అప్పుడు మా వదిన నవ్విన నవ్వు చూడాల్సింది. వెనకటి నోటుపుస్తకంలో గీసిన ముఖం దాని ముందు దిగదుడుపు. పిల్లలకు ఏమీ తెలియదు, ఏం దాటారో వాళ్ళకెవరూ చెప్పలేదు. ఫస్టు ర్యాంకు మాత్రం కుర్చీ వెడల్పు అర అంగుళం తేడా వచ్చిందని ముత్యాలుతో పోట్లాడుతున్నాడు. దారం వదులుగా పట్టుకున్నావంటాడు వాడు. అంకె తప్పు చూశావంటుంది ఆ పిల్ల. మిగతా పది జట్లూ ఎవరి కొలత ఎక్కువొచ్చిందో కేకలేసి చెప్పుకుంటున్నాయి.

ఆ గోలలో పక్క గది నాలుగో క్లాసు మాస్టారు గుమ్మం దగ్గరకొచ్చారు. చేతిలో సుద్దముక్క, నుదుటన చెమట. "టీచర్ గారూ, నెల రోజులుగా ఓపిక పట్టాను. మీ క్లాసు అరుపులకి నా గదిలో నా గొంతు నాకే వినపడట్లేదు. పోయినేడు ఇలా లేదే! ఏమిటండీ ఈ గోల?"

వదిన చీటీల డబ్బా మూత పెడుతూ అంది: "అందులో పదకొండు గొంతులు కొత్తవి మాస్టారూ, కాస్త అలవాటు పడండి."